జాన్ హారిసన్: సముద్రానికి గడియారం చేసిన వడ్రంగి

జాన్ హారిసన్ వడ్రంగి కొడుకు. 1693లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, ఫౌల్బీ అనే పల్లెలో పుట్టాడు. అతని చిన్నతనంలోనే కుటుంబం లింకన్‌షైర్‌లో, హంబర్ నదికి దక్షిణాన ఉన్న బారో అనే ఊరికి మారింది. తండ్రి హెన్రీ దగ్గరే ఉలి పట్టాడు, రంపం పట్టాడు. గడియారాల పని మాత్రం అతనికి ఎవరూ నేర్పలేదు. అప్పట్లో లండన్‌లో ఆ పనికి ఒక వృత్తి సంఘం ఉండేది. ఒక ఉస్తాదు దగ్గర ఏళ్ల తరబడి శిష్యరికం చేస్తే గాని ఎవరినీ సొంతంగా కొట్టు పెట్టుకోనిచ్చేది కాదు. హారిసన్ ఆ గడప తొక్కలేదు. బడి చదువు కూడా అంతంత మాత్రమే.

ఆ ఊరికి వచ్చిపోయే ఒక మతగురువు అతనికి ఒక రాతప్రతి చదువుకోమని ఇచ్చాడు. కేంబ్రిడ్జిలో గణితం బోధించే నికొలస్ సాండర్సన్ పాఠాలు అవి. సాండర్సన్ పసితనంలోనే మశూచి సోకి చూపు పోగొట్టుకున్నవాడు. ఆయన పాఠాలను హారిసన్ బొమ్మలతో సహా తన చేత్తో మొత్తం ఎత్తి రాసుకున్నాడు. అతని చదువు గురించి గట్టిగా చెప్పగలిగిన ముక్క ఇదొక్కటే. తక్కినదంతా కలప నేర్పింది.

1713లో, ఇరవై ఏళ్ల వయసులో, తన మొదటి గడియారం చేశాడు. నిలువెత్తు పెట్టెలో లోలకం ఊగే రకం అది. లోపలి పళ్ల చక్రాలు ఓక్ కలపతో చేసినవి. చెక్కతో పళ్ల చక్రం చేయడంలో ఒక చిక్కుంది. కలపలో నార ఒకే దిక్కుగా పోతుంది. ఒకే పలకలోంచి గుండ్రంగా చక్రం కోస్తే కొన్ని పళ్లు నార వెంబడి వస్తాయి, కొన్ని నారకు అడ్డంగా వస్తాయి. అడ్డంగా వచ్చినవి కాస్త ఒత్తిడి పడితే చాలు, పుటుక్కున విరిగిపోతాయి. హారిసన్ చక్రం అంచు చుట్టూ గాడి తీశాడు. పళ్లను వేరుగా, కొన్నికొన్ని కలిపి ముక్కలుగా కోశాడు. ప్రతి ముక్కలోనూ నార చక్రం నడిబొడ్డు నుంచి బయటికి పోయేలా చూసి గాడిలో బిగించాడు. ఆ గడియారం ఇప్పటికీ ఉంది. లండన్ పనివాళ్లు అందరూ ఇత్తడి చక్రాలు చేస్తున్న కాలంలో ఈ ఉపాయం ఒక వడ్రంగికే తట్టాలి.

1722 ప్రాంతంలో దగ్గర్లోని బ్రాక్‌ల్స్‌బీ పార్క్ అనే ఎస్టేటులో, గుర్రపుశాల మీద పెట్టడానికి ఒక పెద్ద గడియారం అడిగారు. అప్పటి గడియారాలన్నిటికీ నూనే పెద్ద శత్రువు. ఇరుసులు అరగకుండా నూనె వేయాలి. కొవ్వు నుంచి, గింజల నుంచి తీసిన ఆ నూనె చలికి చిక్కబడేది, కొన్నాళ్లకు జిగురులా పట్టేసేది. గడియారం వెనకబడేది, చివరికి ఆగిపోయేది. మంచి నూనె కోసం వెతకడం అందరూ చేసే పని. నూనె అవసరమే లేకుండా చేయడం హారిసన్ చేసిన పని. లిగ్నం వైటీ అనే చెట్టు కలపకు సహజంగానే జిడ్డుంటుంది. రాపిడి తగిలే చోట్లన్నిటా ఆ కలప వాడాడు. అది పుట్టింది ఉష్ణదేశపు అమెరికాలో, పనికొచ్చింది ఇంగ్లండు గుర్రపుశాలలో. బ్రాక్‌ల్స్‌బీ గడియారం మూడు వందల ఏళ్లు దాటినా నడుస్తూనే ఉంది.

రెండో శత్రువు వేడి. లోహపు కడ్డీ ఎండాకాలం సాగుతుంది, లోలకం పొడుగైతే నెమ్మదిగా ఊగుతుంది. ఉక్కు కడ్డీతో చేసిన లోలకం పది డిగ్రీల వేడి పెరిగితే రోజుకు సుమారు 5 సెకన్లు వెనకబడుతుంది. ఉక్కు కన్నా ఇత్తడి ఎక్కువ సాగుతుంది. హారిసన్ ఉక్కు కడ్డీలను, ఇత్తడి కడ్డీలను ఒకదాని పక్కన ఒకటి, మొత్తం తొమ్మిది, కిటికీ చువ్వల్లా నిలిపాడు. ఉక్కు కిందికి సాగినంత మేరా ఇత్తడి పైకి లాగేలా వాటిని కలిపాడు. లోలకం పొడవు ఎండకూ చలికీ మారకుండా నిలిచింది. ఈ పనిలో తమ్ముడు జేమ్స్ కూడా చెయ్యి వేశాడు. 1720లలో అన్నదమ్ములు చేసిన గడియారాలకు నెలకు ఒక సెకను మించి తేడా వచ్చేది కాదు. అప్పటి మంచి గడియారాలకు రోజుకు అంత తేడా రాకపోతే గొప్ప.

ఆ తేడా కొలవడానికి అతని దగ్గర ఉన్నది ఆకాశం ఒక్కటే. తన కిటికీ అంచుకు సూటిగా కనబడే పొరుగింటి పొగగొట్టాన్ని గురుతుగా పెట్టుకున్నాడు. ఒక నక్షత్రం ఆ పొగగొట్టం వెనక మాయమయ్యే క్షణాన్ని రాత్రి తరవాత రాత్రి చూశాడు. ఏ నక్షత్రమైనా ముందు రాత్రి కన్నా 3 నిమిషాల 56 సెకన్లు ముందుగా అదే చోటికి వస్తుంది. గడియారం ఆ లెక్కకు సరిపోతే సరిగా నడుస్తున్నట్టు. గ్రీనిచ్‌లో రాజు గారి వేధశాల చేసే పనిని అతను పెరటి కిటికీ దగ్గర చేశాడు.

ఇంత కచ్చితమైన గడియారం గుర్రపుశాలకు అక్కర్లేదు. దాని అవసరం ఓడలకు ఉంది.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. విశాఖపట్నం హైదరాబాదుకు దాదాపు 5 డిగ్రీలు తూర్పున ఉంది. అందుకే హైదరాబాదులో సూర్యుడు నడినెత్తికి రావడానికి సుమారు 19 నిమిషాల ముందే విశాఖలో వస్తాడు. ఇప్పుడు దేశమంతటికీ గడియారం ఒకటే కాబట్టి ఈ తేడా ఎవరికీ పట్టదు. నడిసముద్రంలో నావికుడికి మాత్రం ఆ తేడాయే దారి. తన ఓడ మీద మధ్యాహ్నం ఎప్పుడైందో సూర్యుణ్ణి చూసి తెలుసుకోగలడు. అదే క్షణంలో బయలుదేరిన రేవులో టైమెంతో తెలిస్తే చాలు, ఎన్ని డిగ్రీలు తూర్పుకో పడమరకో వచ్చాడో లెక్క తేలుతుంది. అదే రేఖాంశం. ఉత్తర దక్షిణాలు చెప్పే అక్షాంశాన్ని ధ్రువ నక్షత్రం ఎత్తును బట్టి, సూర్యుడి ఎత్తును బట్టి ఎప్పటినుంచో కనుక్కుంటున్నారు. రేఖాంశానికి మాత్రం రేవు టైమును తప్పకుండా మోసుకెళ్లే గడియారం కావాలి. లోలకం గడియారాన్ని ఓడ ఎక్కిస్తే అల కొట్టిన చోటల్లా దాని ఊపు తప్పుతుంది.

రేఖాంశం తెలియక పోయిన ప్రాణాలకు లెక్కలేదు. 1707 అక్టోబరులో అడ్మిరల్ క్లౌడ్స్‌లీ షావెల్ నడిపిన ఇంగ్లీషు నౌకాదళం దారి లెక్క తప్పి సిల్లీ దీవుల దగ్గర రాళ్లకు కొట్టుకుంది. నాలుగు ఓడలు మునిగాయి. పద్నాలుగు వందలకు పైగా మనుషులు పోయారు, అడ్మిరల్‌తో సహా. 1714లో పార్లమెంటు చట్టం చేసి బహుమతి ప్రకటించింది. వెస్టిండీస్ ప్రయాణం ముగిసేసరికి రేఖాంశంలో తేడా అర డిగ్రీ లోపు ఉంచే పద్ధతి చెప్పినవాడికి 20,000 పౌండ్లు. అర డిగ్రీ అంటే రెండు నిమిషాల కాలం. ఆరు వారాల ప్రయాణానికి పంచితే గడియారం రోజుకు 3 సెకన్లు మించి తప్పకూడదు. మారే వాతావరణంలో, ఊగే ఓడలో అలాంటి గడియారం ఇంకా తయారు కాలేదని ఐజాక్ న్యూటన్ స్వయంగా పార్లమెంటు సంఘానికి చెప్పాడు. పండితులంతా ఆకాశం వైపే చూశారు. చంద్రుడు నక్షత్రాల మధ్య కదిలే తీరును కొలిచి టైము చెప్పాలన్నది వాళ్ల దారి. బహుమతి తేల్చడానికి వేసిన లాంగిట్యూడ్ బోర్డులో ఖగోళ శాస్త్రజ్ఞులదే పెద్ద గొంతు.

1730లో హారిసన్ తన బొమ్మలు, లెక్కలు పట్టుకుని లండన్ వెళ్లాడు. వేధశాల పెద్ద ఎడ్మండ్ హేలీ, తోకచుక్క పేరుతో అందరికీ తెలిసిన హేలీయే, అతన్ని పొమ్మనకుండా జార్జ్ గ్రాహం దగ్గరికి పంపాడు. గ్రాహం ఆ రోజుల్లో లండన్‌లో పేరుమోసిన గడియారాల పనివాడు. పల్లెటూరి వడ్రంగి పొద్దున పది గంటలకు వెళ్లాడు. మాటల్లో పడి రాత్రి ఎనిమిదింటికి అక్కడే భోజనానికి కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు గ్రాహం వడ్డీ లేకుండా అప్పు కూడా ఇచ్చాడు. సంఘాల గోడలు ఎంత ఎత్తుగా ఉన్నా, పనితనం తెలిసినవాడు పనితనాన్ని గుర్తించిన సందర్భం ఇది. హారిసన్ కథలో ఇలాంటివి ఎక్కువ లేవు.

అయిదేళ్లకు సముద్రపు గడియారం తయారైంది. తరవాతి కాలంలో దానికి హెచ్-1 అని పేరు పెట్టారు. దాని బరువు 34 కిలోలు. లోలకం లేదు. రెండు బరువైన కడ్డీలను స్ప్రింగులతో కలిపి, ఒకటి ఇటు ఊగితే మరొకటి అటు ఊగేలా అమర్చాడు. ఓడ కుదుపు ఒకదాన్ని తొందరపెడితే రెండోదాన్ని అంతే నిదానం చేస్తుంది, మొత్తానికి చెల్లుకు చెల్లు. 1736లో దాన్ని లిస్బన్ దాకా ఓడలో తీసుకెళ్లారు. వెళ్లేటప్పుడు హారిసన్‌కు సముద్రం పడలేదు, వాంతులతో వేగలేకపోయాడు. తిరుగు ప్రయాణంలో ఇంగ్లండు తీరం కనబడగానే ఓడ మాస్టరు అది స్టార్ట్ పాయింట్ అన్నాడు. హారిసన్ తన గడియారం చూసి కాదు, లిజర్డ్ అన్నాడు. రెంటికీ అరవై మైళ్ల పైనే దూరం. తేలింది లిజర్డే. ఓడ మాస్టరు తన పొరపాటు ఒప్పుకుని కాగితం రాసిచ్చాడు.

1737లో బోర్డు అతని కోసం మొదటిసారి సమావేశమైంది. అక్కడ హారిసన్ ఎవరూ ఊహించని పని చేశాడు. వెస్టిండీస్ పరీక్ష అడగడానికి బదులు తన గడియారంలోని లోపాలు తనే ఏకరువు పెట్టాడు. ఇంకా మంచిది చేస్తాను, డబ్బివ్వండి అన్నాడు. 500 పౌండ్లకు ఒప్పుకుని సగం ముందు ఇచ్చారు. రెండో గడియారం రెండేళ్లలో పూర్తయింది. ఓడ గిరుక్కున మలుపు తిరిగితే దాని కడ్డీల ఊపు మారుతుందని తనే కనిపెట్టి, ఓడ ఎక్కించకుండానే పక్కన పెట్టేశాడు. మూడోదానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. అది అతని మనసుకు సరిపడినట్టు ఎప్పుడూ నడవలేదు. నలభై ఏడో ఏట మొదలుపెట్టినది అరవై ఆరు దాటినా అలాగే ఉంది. ఈ పట్టుదలను మెచ్చుకోవచ్చు గాని, ఇందులో మొండితనం పాలు కూడా తక్కువేం కాదు.

ఆ మూడో గడియారం ఊరికే పోలేదు. వేడికి స్ప్రింగు మెత్తబడితే వచ్చే తేడాను సర్దడానికి ఇత్తడి రేకును, ఉక్కు రేకును కలిపి రివెట్లు కొట్టాడు. వేడెక్కితే ఆ జంట రేకు ఒక పక్కకు వంగుతుంది. ఇస్త్రీ పెట్టె కాగగానే కరెంటు దానంతటదే ఆగేది ఇలాంటి జంట రేకు వల్లే. ఇరుసు సులువుగా తిరగడానికి చిన్న చిన్న కడ్డీలను ఒక చట్రంలో ఎడం ఎడంగా కూర్చాడు. నేటి రోలర్ బేరింగులకు అది మూలరూపం.

అసలు మలుపు పెద్ద గడియారాల్లోంచి రాలేదు. 1753లో జాన్ జెఫ్రీస్ అనే పనివాడు హారిసన్ చెప్పినట్టు అతని సొంతానికి ఒక జేబు గడియారం చేసిపెట్టాడు. అప్పటిదాకా జేబు గడియారాలంటే హారిసన్‌కు లెక్కలేదు. ఇది మాత్రం అనుకున్న దానికన్నా చాలా బాగా నడిచింది. బరువుగా, నెమ్మదిగా ఊగేదాన్ని ఓడ కుదుపు తేలిగ్గా చెదరగొడుతుంది. చిన్నగా, చాలా వేగంగా ఊగేదాన్ని చెదరగొట్టడం కష్టం. పాతికేళ్ల శ్రమను పక్కకు నెట్టి అతను చిన్నదాని వైపు తిరిగాడు. 1759లో నాలుగోది, హెచ్-4, పూర్తయింది. అడ్డం 13 సెంటీమీటర్లు, బరువు కిలోన్నర లోపు. చూడటానికి కాస్త పెద్ద జేబు గడియారం, అంతే. సెకనుకు అయిదు టిక్కులు. రాపిడి తగిలే కొనలకు వజ్రపు ముక్కలు పొదిగాడు. ఇంత చిన్నదానికి నూనె లేకుండా కుదరలేదు. జీవితమంతా నూనెతో పోరాడినవాడు చివర్లో దానితో రాజీ పడ్డాడు.

1761 నవంబరులో హెచ్-4 జమైకాకు బయలుదేరింది. హారిసన్‌కు అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. బదులుగా కొడుకు విలియం వెళ్లాడు. కొన్నాళ్లకే ఓడలో బీరు చెడిపోయింది, తాగునీటి మీద నమ్మకం లేక నావికులు బెంగపడ్డారు. మదీరా దీవి ఎప్పుడు తగులుతుందన్నది ప్రశ్న. కెప్టెన్ లెక్క ఒకటి, గడియారం లెక్క ఇంకొకటి. ఇదే దారిన పోతే రేపు దీవి కనబడుతుందని విలియం అన్నాడు. తెల్లారేసరికి కనబడింది. జమైకా చేరేనాటికి, 81 రోజుల మీద, గడియారం తప్పింది 5 సెకన్లు.

బోర్డు బహుమతి ఇవ్వలేదు. కలిసొచ్చి ఉండవచ్చు అంది. జమైకా రేఖాంశమే సరిగా తెలియదు అంది. 1,500 పౌండ్లు చేతిలో పెట్టి మరో పరీక్ష పెట్టింది. 1764లో బార్బడోస్. అక్కడి రేఖాంశం ముందుగా తేల్చడానికి పంపిన వాళ్లలో నెవిల్ మాస్కెలిన్ ఉన్నాడు. చంద్రుడి పద్ధతిని తలకెత్తుకున్నవాడే అతను. పోటీదారే న్యాయం చెప్పడమేమిటని విలియం గొడవ పెట్టుకున్నాడు. ఈసారి తేడా 39 సెకన్లు, అంటే పది మైళ్ల లోపే. చట్టం అడిగిన దానికన్నా మూడింతలు మెరుగు.

ఇక్కడి నుంచి తగువు గడియారం గురించి కాదు, విద్య గురించి. 1765లో కొత్త చట్టం వచ్చింది. గడియారం గుట్టు మొత్తం విప్పి చెబితే సగం, అంటే 10,000 పౌండ్లు. ఇతరులు దాన్ని చేయగలరని రుజువైతేనే మిగతా సగం. హారిసన్‌కు కడుపు మండింది. బోర్డు వైపు నుంచి చూస్తే మాత్రం ఈ కోరికలో న్యాయం లేకపోలేదు. ముసలివాడు ఒక్కడు ఏళ్ల తరబడి కూర్చుని చేసిన ఒక్క గడియారం వందల ఓడలకు ఎలా సరిపోతుంది? అతని విద్య చేతిలో ఉంది, వాళ్లకు కాగితం మీద కావాలి. ఆ పని హారిసన్‌కు చేతకాదు. అతను మాట్లాడటం మొదలుపెడితే వాక్యం ఎక్కడ తేలుతుందో తెలిసేది కాదు, రాత అంతకన్నా గందరగోళం. 1765 ఆగస్టులో, రెడ్ లయన్ స్క్వేర్‌లోని తన ఇంట్లో, బోర్డు పంపిన నిపుణుల ముందు హెచ్-4ను ఒక్కో మర ఊడదీసి చూపించాడు. వారం రోజుల దాకా పట్టింది. గడియారం మాట్లాడింది, సగం డబ్బు వచ్చింది.

ఆ ఏడాదే మాస్కెలిన్ గ్రీనిచ్ వేధశాలకు అధిపతి అయ్యాడు. మరుసటి ఏడు హారిసన్ గడియారాలన్నీ అక్కడికి తరలించమని ఆజ్ఞ వచ్చింది. మోసేవాళ్ల చేతిలోంచి హెచ్-1 జారి పడింది. పెద్ద గడియారాలు స్ప్రింగులు లేని బండిలో లండన్ రాళ్ల వీధుల మీద ఎగిరెగిరి పడ్డాయి. వేధశాల పరీక్షలో హెచ్-4 సరిగా నడవలేదని మాస్కెలిన్ నివేదిక ఇచ్చాడు. ఈ కథ చెప్పేవాళ్లు మాస్కెలిన్‌ను దుర్మార్గుణ్ణి చేయడం మామూలు. 1767 నుంచి అతను ఏటేటా అచ్చు వేయించిన నావికుల పంచాంగం చంద్రుడి లెక్కను గంటల నుంచి అరగంటకు దించింది. గడియారం కొనే స్తోమత లేని ఓడలన్నీ దశాబ్దాల పాటు దాని మీదే నడిచాయి. ఇంగ్లీషు నావికుడికి అతను చేసిన మేలు చిన్నదేమీ కాదు. తన పద్ధతి పోటీలో ఉండగా ఎదుటివాడి పద్ధతికి పరీక్షాధికారిగా కూర్చోవడం మాత్రం సమర్థించరానిది.

హెచ్-4కు నకలు చేసే పని లార్కం కెండల్‌కు అప్పగించారు. 1769లో పూర్తి చేసి 450 పౌండ్లు పుచ్చుకున్నాడు. ఒక చిన్న ఓడ ధరలో అది గణనీయమైన భాగం. జేమ్స్ కుక్ 1772 నుంచి 1775 దాకా దక్షిణ ధ్రువపు మంచు అంచుల నుంచి పసిఫిక్ దీవుల దాకా తిరిగిన రెండో యాత్రలో ఆ నకలును వెంట తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. ఎండకూ మంచుకూ ఓర్చుకుని మూడేళ్లు నడిచిన గడియారం ఎవరి సాక్ష్యాలూ అక్కర్లేని రుజువు. ఆ తరవాత జాన్ ఆర్నాల్డ్, థామస్ ఎర్న్‌షా అనే ఇద్దరు పనివాళ్లు నిర్మాణం సులువు చేసి ధర దించారు. వాళ్లు చేసినవి లోపల హెచ్-4 లాగా ఉండవు. హారిసన్ ఇచ్చింది నమూనా కన్నా ఎక్కువగా ధైర్యం, ఇది అయ్యే పనేనన్న ధైర్యం. 1831లో డార్విన్‌ను ఎక్కించుకుని బయలుదేరిన బీగిల్ ఓడలో 22 క్రోనోమీటర్లు, అంటే ఇలాంటి ఓడ గడియారాలు, ఉన్నాయి.

హారిసన్ డెబ్బై ఏడేళ్ల వయసులో అయిదో గడియారం ముగించాడు. బోర్డుతో విసిగిపోయిన తండ్రీకొడుకులు రాజు మూడో జార్జికి మొర పెట్టుకున్నారు. రాజుకు శాస్త్రమంటే ఇష్టం, సొంత వేధశాల ఉంది. 1772లో తనే పది వారాలు ఆ గడియారాన్ని పరీక్షించాడు. వచ్చిన తేడా 4.5 సెకన్లు. రాజు అండతో 1773లో పార్లమెంటు 8,750 పౌండ్లు ఇచ్చింది. అంతా కలిపితే అతనికి ముట్టింది బహుమతి మొత్తానికి మించే. ఆ బహుమతి గెలిచాడన్న మాట మాత్రం బోర్డు ఎన్నడూ అనలేదు. 1776 మార్చి 24న, ఎనభై మూడేళ్ల వయసులో కన్నుమూశాడు. హాంప్‌స్టెడ్ చర్చి ఆవరణలో సమాధి ఉంది.

తరవాత ఆ గడియారాలు వేధశాలలో చిలుము పట్టి పడి ఉన్నాయి. 1920లో రూపర్ట్ గౌల్డ్ అనే నౌకాదళ అధికారి వాటిని చూసి, బాగుచేస్తానని అడిగి తీసుకున్నాడు. గౌల్డ్‌కూ ఈ పని ఎవరూ నేర్పలేదు. పైసా పుచ్చుకోకుండా, మధ్యలో ఆరోగ్యం చెడినా, కాపురం విచ్ఛిన్నమైనా వదలకుండా 1933 దాకా శుభ్రం చేశాడు. హెచ్-1, 2, 3 ఇప్పుడు గ్రీనిచ్‌లో నడుస్తున్నాయి. హెచ్-4కు నూనె కావాలి, నడిపిస్తే అరుగుతుంది కాబట్టి కీ ఇవ్వకుండా ఉంచారు.

చనిపోవడానికి ముందు ఏడాది, 1775లో, హారిసన్ ఒక పుస్తకం అచ్చు వేయించాడు. బోర్డు మీద కోపమూ యంత్రాల లెక్కలూ కలగలిసిన ఆ రాత చదవడం గగనం. తన పద్ధతిలో చేస్తే నేల మీది లోలకం గడియారం వంద రోజుల్లో ఒక్క సెకను కూడా తప్పదని అందులో రాశాడు. అప్పటివాళ్లు అది ముసలివాడి చాదస్తం అన్నారు. ఇంగ్లీషు పనివాడు మార్టిన్ బర్జెస్ 1970లలో ఆ పుస్తకంలోని ముక్కలు ఏరుకుని రెండు గడియారాలు మొదలుపెట్టాడు. వాటిలో రెండోదాన్ని లండన్‌లోని చార్లెస్ ఫ్రాడ్షం సంస్థ పూర్తి చేసింది. గ్రీనిచ్ వేధశాలలోనే దాన్ని పెట్టెలో పెట్టి సీలు వేసి, ఎవరూ ముట్టుకోకుండా వంద రోజులు నడిపించారు. 2015లో ఫలితం ప్రకటించారు. తప్పింది సెకనులో ఎనిమిదింట అయిదు వంతులు.